గోడలు మింగే వెలుతురు

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ మాడ్చేస్తుంటే, లోపల లైటు వేసుకుని కూర తరుక్కునే వంటిళ్ళు మన ఊళ్ళలో లెక్కలేనన్ని. హైదరాబాదు, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలోనైతే పొద్దున కాఫీకి వేసిన వంటింటి స్విచ్చిని రాత్రి గిన్నెలు కడిగాకే ఆపుతారు. ఆ లైటు కూడా చాలా ఇళ్ళలో ఒక్కటే, అదీ వంట చేసే మనిషి వీపు వెనక ఉంటుంది.

వంటిల్లు చీకటిగా ఉందనగానే తట్టేవి రెండే ఆలోచనలు: ఇంకో బల్బు పెట్టడం, గోడ పగలగొట్టి కిటికీ పెద్దది చేయడం. మొదటిదానికి నెలనెలా కరెంటు ఖర్చు. రెండోది అద్దె ఇంట్లో కుదరదు, సొంత ఇంట్లో అయినా వేలకు వేలు అవుతుంది. ఆ రెండింటికీ ముందు చూసుకోవలసింది ఒకటుంది. వంటింట్లోకి ఇప్పటికే వస్తున్న వెలుతురులో ఎక్కువ భాగం గట్టు మీదకి చేరకుండానే పోతోంది. ఆ పోయేదాన్ని ఆపకుండా కొత్త బల్బు పెట్టడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. ఎక్కడెక్కడ పోతోందో, ఎందుకు పోతోందో తెలిస్తే ఒక చిన్న వంటింటిని కొద్ది వేల రూపాయల్లో, ఓపికుంటే అంతకన్నా తక్కువలో, వెలుగుతో నింపవచ్చు.

హాలు కన్నా నాలుగింతలు

ముందు కొలత. ఒక చదరపు మీటరు జాగా మీద ఒక ల్యూమెన్ కాంతి పడితే దాన్ని ఒక లక్స్ అంటారు. వేసవి మధ్యాహ్నం ఆరుబయట లక్ష లక్స్ దాకా ఉంటుంది. చెట్టు నీడలో కూర్చున్నా వేలల్లోనే ఉంటుంది. వంటింట్లో పని చేసే చోట 200 లక్స్ ఉండాలని భారత ప్రమాణాలు చెబుతాయి. బయటి ఎండలో ఇది ఐదువందలో వంతు. అంత కూడా అందని గట్లు ఎన్నో ఉన్నాయి.

ఇదే ప్రమాణాల్లో ఇంకో లెక్క ఉంది. నేరుగా పడే ఎండను పక్కన పెట్టి, ఆకాశపు వెలుతురు మాత్రమే 8,000 లక్స్ అనుకుని, అందులో నూటికి ఎంత గదిలోకి చేరాలో అది చెబుతుంది. వంటింటికి 2.5 శాతం, చదువుకునే గదికి 1.9 శాతం, హాలుకు 0.625 శాతం. అంటే హాలు కన్నా వంటింటికి నాలుగింతల పగటి వెలుతురు కావాలి. చదువుకునే గది కన్నా కూడా ఎక్కువే కావాలి. మన ఇళ్ళు కడుతున్న తీరు దీనికి తలకిందులు. బాల్కనీ, పెద్ద కిటికీలు, ఫాల్స్ సీలింగులో వరస లైట్లు హాలుకు పోతాయి. మిగిలిన మూల వంటింటికి దక్కుతుంది. ఆగ్నేయంలో వంటిల్లు పెట్టి తూర్పుముఖంగా వండమన్న వాస్తు ఆచారం, నాలుగు పక్కలా ఖాళీ ఉన్న ఇంట్లో పొద్దుటి వెలుతురును తిన్నగా గట్టు మీదకి తెచ్చేది. గోడకు గోడ ఆనుకున్న ఫ్లాట్లలో ఆగ్నేయం మిగిలింది గాని అటువైపు ఆకాశం మిగల్లేదు.

వంటింటికి అంత వెలుతురు ఎందుకంటే, అక్కడ చేసే పనులు అలాంటివి. బియ్యంలో తెల్లరాయిని పట్టుకోవడమే తీసుకోండి. కందిపప్పులో నల్లరాయి మసక వెలుతురులోనూ దొరుకుతుంది. తెల్ల బియ్యంలో తెల్లరాయి దొరకదు. వస్తువుకూ వెనక ఉన్నదానికీ రంగులో తేడా తగ్గేకొద్దీ ఆ తేడాను పట్టడానికి కంటికి కావలసిన వెలుతురు పెరుగుతుంది. వంకాయలో పురుగు, రొట్టె మీద అప్పుడప్పుడే మొదలైన బూజు, పోపులో ఆవాలు చిటపటలాడాక ఎండుమిరప మాడబోయే ఆ ఒక్క క్షణం, అన్నీ ఈ కోవలోవే. పైగా చేతిలో కత్తి, ఎదురుగా మంట.

వయసు సంగతి ఇంకా ముఖ్యం. వయసు పైబడేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కంటి కటకం పసుపు తిరిగి మసకబారుతుంది. 60 ఏళ్ళ కంటిలో రెటీనాకు చేరే కాంతి 20 ఏళ్ళ కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. కూతురికి సరిపోయిన వెలుతురు తల్లికి చాలదు. ‘మా అమ్మ ఈ మధ్య బియ్యం సరిగా ఏరడం లేదు’ అనుకునే ముందు, ఆ వంటింట్లో ఎన్ని లక్స్ ఉన్నాయో చూడటం న్యాయం. ఫోనులో లక్స్ కొలిచే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. అవి చూపే అంకె అచ్చంగా సరైనది కాకపోవచ్చు. మార్పుకు ముందూ తరువాతా పోల్చుకోవడానికి మాత్రం బాగా పనికొస్తాయి. ఫోనును గట్టు మీద వెల్లకిలా పెట్టి, మీ నీడ పడకుండా పక్కకు జరిగి ఒకసారి, మామూలుగా కూర తరిగే చోట నిలబడి ఒకసారి చూడండి. ఆ రెండు అంకెల తేడా మీ నీడ తినేసిన వెలుతురు.

మసి పోయింది, రంగు ఉండిపోయింది

కట్టెల పొయ్యి మీద వండిన రోజుల్లో వంటింటి గోడ నల్లబడక తప్పేది కాదు. మసి దాదాపు శుద్ధమైన కర్బనం. తన మీద పడిన కాంతిలో నూటికి ఐదు వంతులు కూడా తిరిగి పంపదు. అందుకే సంక్రాంతికో దసరాకో ఏటా వెల్ల వేసేవారు. వేసిన కొన్నాళ్ళు వంటిల్లు కళకళలాడి మళ్ళీ నల్లబడేది. ఆ తరువాత 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చాయి. గ్యాసు పొయ్యి ఊళ్ళలోకి చేరి, చాలా ఇళ్ళలో మసి తగ్గిపోయింది.

కానీ మసికి భయపడి అలవాటు చేసుకున్న రంగులు మాత్రం పోలేదు. ‘ముదురు రంగు వేయించుకోండమ్మా, మరక కనపడదు’ అని పెయింటరు ఇప్పటికీ అంటాడు. ముదురు మెరూన్ డాడో టైల్స్, కాఫీపొడి రంగు సన్‌మైకా అతికిన కప్‌బోర్డులు, నల్ల గ్రానైటు గట్టు, కింద కడప బండ. మరక కనపడకుండా ఉండటానికి వేసిన ఈ రంగులన్నీ వెలుతురునూ కనపడకుండా చేస్తున్నాయి. మరక కనపడని వంటిల్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు, దాన్ని తుడవాలని మనకు తెలియడం లేదంతే.

రంగు ఎంత తేడా చేస్తుందో ఒక లెక్కలో చూద్దాం. కిటికీలోంచో బల్బులోంచో వంద పాళ్ళ కాంతి గదిలోకి వచ్చిందనుకోండి. గోడలు, కప్పు, నేల, కప్‌బోర్డులు అన్నీ కలిపి సగటున నూటికి 30 పాళ్ళు తిరిగి పంపుతాయనుకోండి. తిరిగి వచ్చిన ఆ 30లో మళ్ళీ 30 శాతం, అంటే 9 పాళ్ళు రెండోసారి గదిలోకి వస్తాయి. ఆ తరువాత సుమారు 3, ఆ తరువాత ఒకటి. కూడితే 143. అంటే వంద పాళ్ళ కాంతి ఆ గదిలో చేసిన పని 143 పాళ్ళది.

ఇప్పుడు అదే గదిలో ఉపరితలాలు సగటున మూడింట రెండు వంతులు తిరిగి పంపుతాయనుకుందాం. 100, 67, 44, 30, 20, 13, ఇలా సాగుతూ పోయి మొత్తం 300 అవుతుంది. కిటికీ అదే, బల్బు అదే. గదిలో తిరిగే వెలుతురు 143 నుంచి 300కు, రెట్టింపు దాటింది. తిన్నగా పడిన మొదటి వందను పక్కన పెట్టి, గోడల మీంచి తిరిగొచ్చిన భాగాన్నే చూస్తే 43 నుంచి 200, సుమారు నాలుగున్నర రెట్లు. కప్‌బోర్డు కింద, మిక్సీ వెనక, సింకు మూల చేరేది దాదాపుగా ఈ తిరిగొచ్చిన వెలుతురే. అందుకే తెల్లగా మార్చిన వంటింట్లో తేడా ముందుగా మూలల్లో కనపడుతుంది.

ఇవి గాలిలో అంకెలు కావు. 8 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న వంటింట్లో ముదురు టైల్స్, గోధుమరంగు కప్‌బోర్డులు, నూనె పట్టిన పాత గోడలు ఉంటే సగటు 30 శాతం దగ్గరే తేలుతుంది. కప్పుకూ గోడలకూ తెలుపు, లేత రంగు టైల్స్, లేత కప్‌బోర్డు తలుపులు పెడితే, నేలనూ గట్టునూ పెద్దగా ముట్టుకోకుండానే, 67 శాతం వస్తుంది. బల్బుల ప్రకాశాన్ని కొలిచే ప్రయోగశాలల్లో లోపలంతా తెల్లటి పూత పూసిన గుల్ల గోళాన్ని వాడతారు. జర్మన్ ఇంజనీరు రిచర్డ్ ఉల్‌బ్రిహ్ట్ పేరు మీద వచ్చిన ఆ గోళం నడిచేది సరిగ్గా ఈ లెక్క మీదే.

నల్ల గ్రానైటు గట్టు సంగతి చాలామంది అడుగుతారు. దాన్ని మార్చడానికి డబ్బు పోయకండి. గదిలోని మొత్తం ఉపరితలంలో గట్టు వాటా చిన్నది. తరిగే చోట ఒక లేత రంగు చెక్క పెట్టుకుంటే సరిపోతుంది. అదే డబ్బుతో ముందు కప్పు, తరువాత కిటికీకి ఎదురుగా ఉన్న గోడ, ఆ తరువాత కంటి ఎత్తులో ఉన్న కప్‌బోర్డుల తలుపులు మార్చండి. కిటికీ ఉన్న గోడను కూడా తెల్లగానే ఉంచాలి. అది ముదురుగా ఉంటే వెలిగే కిటికీకీ చీకటి గోడకూ మధ్య కన్ను సతమతమై, ఉన్న వెలుతురు కూడా చాలనట్టు అనిపిస్తుంది.

వెల్ల తెల్లవారేసరికి తెల్లబడటం

వెల్ల వేసిన సాయంత్రం గోడను చూస్తే డబ్బు దండగ అనిపిస్తుంది. పలచగా, నీళ్ళనీళ్ళగా, కింది మరకలన్నీ పైకి కనపడుతూ ఉంటుంది. తెల్లారి చూస్తే అదే గోడ మెరిసిపోతుంది. రాత్రికి రాత్రి ఎవరూ రెండో పూత వేయలేదు. జరిగిందేమిటంటే, గోడలోని నీళ్ళు ఆరిపోయాయి.

తెల్లదనం రంగు కాదు, చెదరడం. కాంతి ఒక పదార్థంలోంచి ఇంకో పదార్థంలోకి పోయేటప్పుడు వంగుతుంది, కొంత వెనక్కి మళ్ళుతుంది. ఎంత అన్నది ఆ రెండింటి వక్రీభవన గుణకాల తేడాను బట్టి ఉంటుంది. సున్నపు రేణువులది 1.6కు దగ్గర, నీటిది 1.33, గాలిది 1. తడిగా ఉన్నప్పుడు రేణువుల మధ్య నీళ్ళుంటాయి. తేడా తక్కువ కాబట్టి కాంతి పెద్దగా చెదరకుండా లోపలికి పోయి కింద ఉన్న మరకను చూపిస్తుంది. నీళ్ళు ఆరి ఆ సందుల్లో గాలి నిండాక తేడా పెరుగుతుంది. కాంతి రేణువు రేణువుకూ చెదిరి, మరక దాకా చేరకుండానే వెనక్కి వచ్చేస్తుంది. తరువాతి రోజుల్లో సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. మంచి వెల్ల పడిన కాంతిలో నూటికి 80 పాళ్ళ దాకా తిరిగి పంపుతుంది. ఇంత చవకగా ఇంత వెలుతురునిచ్చే పూత ఇంకోటి లేదు. కలిపేటప్పుడు కొంచెం తుమ్మబంక వేస్తే చేతికి అంటదు. కళ్ళలో పడకుండా మాత్రం గట్టి జాగ్రత్త కావాలి, సున్నం కంటిని కాల్చేస్తుంది.

ఇదే సున్నపు పొడిని, సుద్దపొడిని నూనెలో కలిపితే తెల్లగా ఉండదు. నూనె గుణకం 1.5 దగ్గర, తేడా దాదాపు మాయమవుతుంది. నూనె రంగుల్లోనూ ప్లాస్టిక్ ఎమల్షన్లలోనూ తెలుపు నిలవడానికి టైటానియం డయాక్సైడ్ రావలసి వచ్చింది. దాని గుణకం సుమారు 2.7, వజ్రం కన్నా ఎక్కువ. గత శతాబ్దం తొలి పాదంలో అది కర్మాగారాల్లో తయారు కావడం మొదలయ్యాకే చుక్క మరక కనపడకుండా కప్పే తెల్ల పెయింటు సామాన్యుడి గోడకు చేరింది. శ్రీకాకుళం తీరంలో భావనపాడు, కళింగపట్నం, కిందికి వస్తే విశాఖ దగ్గర భీమునిపట్నం, ఈ ఇసుకల్లో నల్లగా మెరిసే ఇల్మనైట్ ఉంది. ఆ నల్ల ఖనిజంలోంచే ఈ తెల్ల పొడిని తీస్తారు.

వెల్లలో నీలిమందు కలపడం మన పాత అలవాటు. సున్నంలో ఉండే పసుపు ఛాయను నీలం చంపుతుంది, కంటికి గోడ మరింత తెల్లగా తోస్తుంది. నిజానికి నీలిమందు కొంత కాంతిని మింగుతుంది. కాబట్టి చిటికెడు అందం, చారెడు నష్టం. చీకటి వంటింటికి తక్కువే వేయాలి, లేదా మానేయాలి.

గోడకు ఇప్పటికే ప్లాస్టిక్ ఎమల్షన్ ఉంటే దాని మీద సున్నం పట్టదు, పొరలు పొరలుగా రాలిపోతుంది. అక్కడ కడగడానికి వీలైన తెల్ల ఎమల్షన్ వేసుకోవాలి. చవక అని డిస్టెంపర్ వేస్తే తడిగుడ్డ పెట్టగానే గుడ్డకే వచ్చేస్తుంది. నూనెతో చేసిన ఎనామిల్ రంగులు కడగడానికి బాగుంటాయి గాని ఏడాది రెండేళ్ళలో పచ్చబడతాయి. వెలుతురు తగలని చోటే ఇంకా త్వరగా పచ్చబడతాయి. చీకటి వంటింటికి అవి తగవు. కప్పుకు మెరుపు లేని తెలుపు, గోడలకు కొద్దిపాటి మెరుపుతో తెలుపు. బాగా మెరిసేవి బల్బును అద్దంలా చూపించి కంట్లో పొడుస్తాయి.

కప్‌బోర్డుల సన్‌మైకాను మార్చించాలంటే ఖర్చు ఎక్కువ. తలుపులను సబ్బునీళ్ళతో జిడ్డు పోయేలా కడిగి, బాగా ఆరనిచ్చి, తెల్ల స్టిక్కరు షీటు అతికించుకోవచ్చు. పొయ్యి పక్క తలుపులకు మాత్రం వద్దు, వేడికి ఊడి వస్తుంది.

రంగు వేసే స్తోమత ఇప్పుడు లేకపోతే, ముందు కడగండి. పోపు పొగలోని నూనె ఆవిరై కప్పు మీద, ట్యూబులైటు మీద, దోమతెర మీద, కిటికీ అద్దం మీద పల్చటి పొరగా దిగుతుంది. దాని మీద దుమ్ము అంటుకుని గోధుమరంగు బంకలా గట్టిపడుతుంది. పాత ఇంట్లో ట్యూబును విప్పి తుడిస్తే ఎంత వెలుతురు తిరిగి వస్తుందో చూసినవారికి తెలుసు. వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి తుడిస్తే ఆ జిడ్డు కరుగుతుంది. చేతికి తొడుగులుండాలి. అల్యూమినియం చట్రాలకు మాత్రం సోడా తగలనివ్వకండి, అది లోహాన్ని తినేస్తుంది. వాటికి గిన్నెలు కడిగే సబ్బు చాలు.

ఆకాశం కనపడే జాగా

గట్టు దగ్గర నిలబడి కిటికీలోంచి చూడండి. ఆకాశం ముక్క కనపడుతోందా? కనపడితే ఆ చోటికి పగటి వెలుతురు తిన్నగా వస్తోంది. కనపడకపోతే ఎదుటి గోడ మీద పడి తిరిగొచ్చిందే దిక్కు. కిటికీ వైశాల్యం ఎంత ఉన్నా ఈ ఒక్క తేడా మిగతా వాటన్నిటినీ మించినది.

కిటికీ పైభాగానికి విలువ ఎక్కువ. అందులోంచి చూస్తేనే ఆకాశం కనపడుతుంది. మబ్బు పట్టిన రోజున ఆకాశం దిగంతం దగ్గర కన్నా నడినెత్తిన మూడు రెట్లు వెలుగుతో ఉంటుంది. పై నుంచి వచ్చే కాంతి గది లోపలి దాకా కూడా పోతుంది. మన పాత ఇళ్ళలో కప్పు కింద పెట్టిన వెంటిలేటరు చేసే పని ఇదే. దానికి ఈ రోజుల్లో ఏం జరిగిందో చూడండి. ఒక వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి మిగిలిన జాగా ప్లైవుడ్డుతో మూసేశారు. ఇంకో వంటింట్లో అటక మీద పాత బిందెలు, పచ్చడి జాడీలు దానికి అడ్డం పెట్టారు. ఫ్యాను చుట్టూ ప్లైవుడ్డు తీసి పారదర్శకమైన యాక్రిలిక్ షీటు బిగిస్తే, జాడీలు ఇంకో పక్కకు జరిపితే, పైసా కరెంటు లేకుండా వచ్చే వెలుతురు ఇది.

అపార్ట్‌మెంట్లలో వంటిళ్ళ కిటికీలు తెరుచుకునే డక్టులో, అంటే గాలికీ పైపులకూ వదిలిన సందులో, ఎదురుగా పక్కింటి వాళ్ళ కిటికీ ఉంటుందని అద్దానికి న్యూస్‌పేపరు అతికించేవాళ్ళు చాలామంది. మరుగు కావాలి, తప్పదు. కానీ ఆ కాగితం సగానికి పైగా కాంతిని ఆపేస్తుంది. పాలరంగు ఫిల్మ్ అతికిస్తే మరుగూ ఉంటుంది, వెలుతురూ వస్తుంది. మామూలు తేట అద్దం ఆపేది నూటికి ఎనిమిది పాళ్ళే, ఒక్కో ముఖం దగ్గర నాలుగు చొప్పున. చలువ అద్దమని పెట్టించే నల్ల అద్దం, గోధుమ అద్దం వంటింటి కిటికీకి పనికిరావు. దోమతెర తప్పనిసరి, అది ఆపే కాంతిని భరించాల్సిందే, అందుకే నెలకోసారన్నా దాన్ని దులిపి కడగాలి. కిటికీ ఊచలకూ గోడ మందంలోని పక్కలకూ తెల్ల రంగు వేస్తే, వాటికి తగిలిన కాంతి కూడా లోపలికే జారుతుంది.

రేకుల ఇళ్ళ, పెంకుటిళ్ళ వంటగదులకు డక్టు బాధ లేదు, కిటికీయే లేకపోవచ్చు. కానీ వాటికి పైన ఆకాశం మొత్తం ఉంది. బెంగుళూరు పెంకుల మధ్య ఒకటి రెండు గాజు పెంకులు వేయడం మన మేస్త్రీలకు కొత్త కాదు. ఒక చదరపు అడుగు జాగా మీద నడినెత్తి ఎండలో పడే కాంతి 9,000 ల్యూమెన్లు దాటుతుంది. పది 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు కలిపి ఇచ్చేది అంతే. ఎండ వేడి వస్తుందని భయపడనక్కర్లేదు, ఆ ఒక్క అడుగులోంచి దిగే వేడి సుమారు 90 వాట్లు, ఆ పది బల్బులు తినే కరెంటుతో సమానం.

బ్రెజిల్‌లో ఉబెరాబా ఊళ్ళో అల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్కు 2002లో ఇంకా చవకైన దారి కనిపెట్టాడు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు నింపి, పాచి పట్టకుండా కొంచెం బ్లీచింగ్ ద్రావణం వేసి, రేకుకు చేసిన రంధ్రంలో సగం పైకి, సగం లోపలికి ఉండేలా బిగించాడు. సీసా పైభాగం మీద పడిన ఎండ నీళ్ళలోంచి కిందికి వచ్చి, నీటికీ గాలికీ మధ్య హద్దు దగ్గర మళ్ళీ మళ్ళీ మలుపు తిరిగి, గది నలుమూలలా చెదురుతుంది. రంధ్రం అలాగే వదిలేస్తే నేల మీద ఒకచోటే ఎండ మచ్చ పడేది. మంచి ఎండలో ఆ సీసా 40 నుంచి 60 వాట్ల పాత బల్బుకు దీటు. ఫిలిప్పీన్స్‌లో ఇల్లక్ డియాజ్ 2011లో దీన్ని ‘లీటర్ ఆఫ్ లైట్’ పేరుతో ఉద్యమంగా నడిపాక ఎన్నో దేశాలకు పాకింది. పగలే పనిచేస్తుంది, రాత్రికి దీపం కావాల్సిందే. వాన కారకుండా సీలెంటు బాగా పట్టించాలి. సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, కోసినప్పుడు లేచే దాని దుమ్ము ఊపిరితిత్తులకు హాని. అక్కడ ఈ పని చేయకండి, ఇనుప రేకు ఉన్నచోటే చేయండి.

దీపం ఎటు ఉండాలి

1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ళకు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న వంటింటిని రూపొందించింది. తరిగే బల్లను కిటికీ ఎదురుగా పెట్టింది. రాత్రి కోసం, కప్పుకు పట్టాలు బిగించి వాటి మీద అటూ ఇటూ జరిగే ఒక దీపం అమర్చింది. ఉన్నది ఒక్క దీపమే, పని ఎక్కడ జరిగితే అక్కడికి వస్తుంది. ఆమె వంటింటిని పని జరిగే చోటుగా చూసింది గనుక ఆ ఆలోచన వచ్చింది. వందేళ్ళు కావస్తున్నా మన వంటిళ్ళలో ట్యూబులైటు ఇంకా తలుపు మీది గోడకే ఉంటోంది. గట్టు వైపు తిరిగి నిలబడగానే మన నీడ సరిగ్గా కత్తి మీద పడుతోంది.

పెద్ద బల్బు పెట్టడం కన్నా ఉన్న బల్బును జరపడం మేలు. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతవుతుంది. కప్పు మీది బల్బు నుంచి గట్టుకు దాదాపు రెండు మీటర్లు. కప్‌బోర్డు అడుగున పెట్టిన దీపం నుంచి అర మీటరు పైచిలుకు. అదే బల్బు కిందికి దిగితే తరిగే చోట పదింతలకు పైగా వెలుతురు పడుతుంది. కప్‌బోర్డు కింద ముందు అంచుకు ఒక చిన్న ఎల్‌ఈడీ పట్టీ, అది నేరుగా కంట్లో పడకుండా అంగుళం ఎత్తు అడ్డపట్టీ ఉంటే చాలు. సింకు నీళ్ళకూ పొయ్యి వేడికీ దూరంగా, వైరింగు ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి.

ఎల్‌ఈడీలు ఇంత చవక కావడం మన తరం అదృష్టం. నీలి ఎల్‌ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ నీలి వెలుగులో కొంత భాగాన్ని పసుపు పొడి పూత పసుపుగా మారిస్తే రెండూ కలిసి తెల్లగా కనపడతాయి. పాత 60 వాట్ల బల్బు స్థానంలో 9 వాట్లది సరిపోతుంది. రోజుకు ఆరు గంటలు వెలిగితే నెలకు 10.8 యూనిట్లు అయ్యేది 1.6 యూనిట్లకు దిగుతుంది.

కొనేటప్పుడు డబ్బా మీద వాట్లు కాకుండా ల్యూమెన్లు చూడండి. వంటింటికి ఇంకో అంకె కూడా ముఖ్యం, సీఆర్‌ఐ. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో అది చెబుతుంది. ఎండకు 100. చవక ఎల్‌ఈడీలకు 80 దగ్గర ఉంటుంది, అవి ముఖ్యంగా ఎరుపును చప్పబరుస్తాయి. ఉల్లిపాయ బంగారు రంగుకు వచ్చిందా, కారం మాడుతోందా, టమాటా కుళ్ళిందా అన్నది ఆ ఎరుపులోనే తెలుస్తుంది. 90 ఉన్నది దొరికితే ధర కొంత ఎక్కువైనా అదే తీసుకోండి. మంచు తెలుపు 6,500 కెల్విన్ కన్నా 4,000 దగ్గర ఉన్నది వంటకు నప్పుతుందని నా అభిప్రాయం, పగటి వెలుతురుతో కలిసినా కంటికి ఎబ్బెట్టుగా ఉండదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి చివరగా ఒక విన్నపం. మీ వంటింటి కిటికీకి నాలుగడుగుల దూరంలో ఉన్న ఆ డక్టు గోడ మీ ఒక్కరిది కాదు. ఐదంతస్తుల వంటిళ్ళన్నీ దాని మీద పడి తిరిగొచ్చే వెలుతురుతోనే బతుకుతున్నాయి. కట్టినప్పుడు సిమెంటు రంగులో వదిలేశారు, ఆ తరువాత వానలకు నాచు పట్టి నల్లబడింది. బిల్డింగుకు రంగులు వేయించినప్పుడల్లా వీధి వైపు గోడలకే డబ్బు పెడుతున్నారు. ఈసారి అసోసియేషన్ మీటింగులో డక్టును కూడా పైనుంచి కింద దాకా తెల్లగా వేయించాలని తీర్మానం పెట్టండి. దాని లోపలి పైపులకు కూడా తెల్ల రంగే వేయమనండి. తలా కొంచెం వేసుకుంటే అయిపోయే ఖర్చు అది, కింది అంతస్తుల వారికి అందరికన్నా ఎక్కువ మేలు చేస్తుంది.